72000 పెద్దదా, 240000 పెద్దదా?

 

ప్రతి సంచికలోనూ చదువుకు పనికివచ్చే ఒక విషయాన్ని ఎవరో ఒకరు వివరించడం మన బులెటిన్ ఆనవాయితీ. ఈసారి ఆ బాధ్యత నాకు అప్పగించారు. డిప్లొమా, బి.సి.ఎ., ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ప్రోగ్రామింగు మొదలుపెట్టిన పిల్లలు తరచు తడబడే చోటు ఒకటుంది. అది ఒక రకం విలువను మరో రకంగా మార్చడం. దీన్నే టైప్ కన్వర్షన్ అంటారు. పాఠ్యపుస్తకంలో ఇది రెండు పేజీలు, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. నేను కూడా దాన్ని అంతే అనుకున్నాను. ఆ నిర్లక్ష్యం వల్ల మన ట్రస్టుకే దరఖాస్తు పెట్టుకున్న ఒక కుటుంబం నష్టపోయింది. ఆ సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

కంప్యూటరు తెలియని తల్లిదండ్రులు కూడా చివరిదాకా చదవవలసిందిగా మనవి. చివరి భాగం ప్రత్యేకించి మీకోసమే.

జరిగిన సంగతి

నేను బరంపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఇదే ట్రస్టు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కంప్యూటరు డిప్లొమా చదివాను. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. తీసుకున్న సాయానికి ప్రతిగా ఏటా దరఖాస్తుల జాబితా తయారుచేసే పనిలో చేయి వేస్తుంటాను. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం నుంచి దరఖాస్తులు వస్తాయి. వాలంటీర్లు వాటిని ఒక ఫైల్లోకి ఎక్కిస్తారు. కుటుంబ ఆదాయం తక్కువ ఉన్నవారు పైన, ఎక్కువ ఉన్నవారు కింద వచ్చేలా వరుస పెట్టి కమిటీకి ఇవ్వడం నా పని.

2018లో ఆ పనికి పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాము రాశాను. ఫైలు చదవడం, ఆదాయం ప్రకారం వరుస పెట్టడం, అచ్చు వేయడం. అంతే. జాబితా మొదటి పేజీలో ఆదాయాలు లక్షా రెండు వేలు, లక్షా ఎనిమిది వేలు, లక్షా పన్నెండు వేలు, ఇలా చక్కగా పెరుగుతూ ఉన్నాయి. కమిటీ సభ్యులు చూశారు, సంతకాలు చేశారు. మొదటి 30 మందికి మంజూరు పత్రాలు, మిగిలినవారికి విచారం తెలిపే ఉత్తరాలు వెళ్లాయి.

పది రోజుల తర్వాత షోలాపూరు నుంచి ఒక జాబు వచ్చింది. రాసింది ఒక అమ్మాయి. తెలుగు మాటలే గాని మరాఠీ లిపిలో ఉన్నాయి. అక్కడి మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదువుతారు కదా. తండ్రి లేరు. తల్లి బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నారు. సంవత్సరానికి 72 వేలు. మాకన్నా లేనివాళ్లకు ఇచ్చి ఉంటే సంతోషమే, మాకన్నా తక్కువ ఆదాయం ఎంతమందికి ఉందో ఒక్క మాట చెప్పండి చాలు అని అడిగింది. డబ్బు అడగలేదు.

జాబితా తీసి చూశాను. ఆ అమ్మాయి పేరు ఆఖరి పేజీలో, రెండు లక్షల నలభై వేల ఆదాయం ఉన్న కుటుంబానికి కూడా కింద ఉంది. చుట్టూ ఉన్న పేర్లు చూస్తే 60 వేలు, 84 వేలు, 96 వేలు. అందరికన్నా పేదవాళ్లందరినీ నా ప్రోగ్రాము అట్టడుగుకు నెట్టింది.

తప్పు ఎక్కడ జరిగింది?

ఫైలు నుంచి చదివినా, మనం కీబోర్డు మీద కొట్టినా, పైథాన్ చేతికి వచ్చేది అంకె కాదు, అక్షరాల వరుస. దీన్ని స్ట్రింగ్ అంటారు. 72000 అని మనకు కనిపించేది దానికి 7, 2, 0, 0, 0 అనే ఐదు అక్షరాల మాట. అమ్మ అనే మాట ఎలాంటిదో ఇదీ అలాంటిదే. దాని విలువ డెబ్బై రెండు వేలు అని దానికి ఎవరూ చెప్పలేదు.

మాటలను వరుస పెట్టమంటే నిఘంటువు పద్ధతిలో పెడుతుంది. నిఘంటువులో కమలాపండు ముందు, గది తర్వాత వస్తాయి. కమలాపండు పొడుగు మాట, గది పొట్టి మాట అని చూడం. మొదటి అక్షరం చూస్తాం, అది ఒకటే అయితే రెండోది చూస్తాం. కంప్యూటరు కూడా అదే చేసింది. కింది అయిదింటిని అంకెలుగా చూస్తే వరుస ఇలా ఉంటుంది:

72000, 96000, 108000, 150000, 240000

అవే మాటలుగా చూస్తే ఇలా:

108000, 150000, 240000, 72000, 96000

మొదటి అక్షరం 1 ఉన్నవి ముందు, 2 ఉన్నది తర్వాత, 7, 9 చివర. యంత్రం తప్పు చేయలేదు. ఏ రకం విలువో చెప్పడం మరచిన నేను తప్పు చేశాను.

సరిదిద్దడానికి పట్టింది ఒక్క మాట. పైథాన్‌లో స్ట్రింగ్‌ను పూర్ణాంకంగా మార్చే ఫంక్షను ఇంట్. కంప్యూటరులో దాన్ని ఆంగ్లంలో ఐ, ఎన్, టి అనే చిన్న అక్షరాలతో కొట్టాలి. వరుస పెట్టే ముందు ఆదాయాన్ని దాని గుండా పంపి ఉంటే సరిపోయేది.

కమిటీ మళ్లీ కూర్చుంది. అప్పటికే మంజూరు చేసినవి వెనక్కు తీసుకోలేం గనుక దాతలను అడిగి అదనపు మొత్తం సమకూర్చి, వెనకబడిపోయిన పిల్లలకు రెండో విడతగా ఇచ్చారు. ఈలోగా షోలాపూరు తల్లి వడ్డీకి అప్పు తెచ్చి కూతురి ఫీజు కట్టేశారు. అసలు మనం ఇచ్చాం. వడ్డీ మాత్రం ఆ ఇంటి మీదే పడింది.

మార్పిడి రకాలు

మొదట్లో నాలుగు రకాలు తెలిస్తే చాలు. పూర్ణాంకాలు, అంటే 45 లాంటివి, ఇంట్. దశాంశ సంఖ్యలు, అంటే 87.4 లాంటివి, ఫ్లోట్. అక్షరాల వరుసలు స్ట్రింగ్. అవును కాదు అనే రెండే విలువలు గలది బూలియన్. పైథాన్‌లో ఒక్కో రకానికీ మార్చే ఫంక్షను ఉంది.

మార్చకపోతే ఏమవుతుందో కూడికలో చూడండి. రెండు పేపర్ల మార్కులు 45, 50 కీబోర్డు మీద కొట్టించుకుని వాటిని కూడమంటే పైథాన్ 95 అనదు, 4550 అంటుంది. రెండు మాటలను పక్కపక్కన అతికించింది. ఒకటి మాట, మరొకటి అంకె అయితే కూడనని టైప్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్ భాష ఆగదు. స్ట్రింగ్‌గా ఉన్న 5కు అంకె 2 కలపమంటే 52 అంటుంది, 2 తీసేయమంటే మాత్రం 3 అంటుంది. మనల్ని అడగకుండానే ఒకసారి అంకెను మాటగా, ఒకసారి మాటను అంకెగా మార్చుకుంది. మనం కావాలని చేసే మార్పిడి ఒకటి, భాష తనంత తాను చేసేది మరొకటి. రెండోదే ప్రమాదం, ఎందుకంటే అది జరిగినట్టు కూడా మనకు తెలియదు.

ఇంట్ ఫంక్షను అన్ని మాటలనూ ఒప్పుకోదు. 72000ను ఒప్పుకుంటుంది. ముందూ వెనుకా ఖాళీ ఉన్నా సర్దుకుంటుంది. 72,000 అని కామా పెడితే వేల్యూ ఎర్రర్ చూపుతుంది. 87.4 అనే స్ట్రింగ్‌ను నేరుగా ఇస్తే కూడా అంతే. దాన్ని ముందు ఫ్లోట్‌గా మార్చాలి. ఒక ముచ్చటైన సంగతి చెబుతాను. ౪౩౭ అని తెలుగు అంకెలతో రాసి ఇచ్చినా పైథాన్ ఇంట్ దాన్ని 437గానే చదువుతుంది. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ అంకెలతో రాసినా అంతే. లిపి ఏదైనా విలువ ఒకటేనని దానికి తెలుసు. ఇంట్లో ప్రయత్నించి చూడండి.

మార్చినప్పుడు పోయేవి

మార్పిడిలో కొన్నిసార్లు విలువలో కొంత పోతుంది. 89.9ని ఇంట్‌గా మారిస్తే 90 కాదు, 89 వస్తుంది. దగ్గరి అంకెకు సవరించదు, బిందువు తర్వాతది కోసేస్తుంది. 90 శాతం అర్హత పెట్టిన చోట ఈ కోత ఎవరి పేరు కొట్టేస్తుందో, అసలు కోయాలో సవరించాలో ఆలోచించాలి. సవరించడానికి రౌండ్ అనే ఫంక్షను ఉంది గాని అదీ మన బడి లెక్క కాదు. 84.5 ఇస్తే 84, 85.5 ఇస్తే 86 అంటుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు పైథాన్ దగ్గరి సరిసంఖ్యకు సవరిస్తుంది.

దశాంశాలను కంప్యూటరు రెండు అంకెల పద్ధతిలో దాచుకుంటుంది కాబట్టి చాలా దశాంశాలు దానిలో కచ్చితంగా ఇమడవు. 0.29ని 100తో గుణించి ఇంట్‌గా మారిస్తే 29 రావాలి, 28 వస్తుంది. లోపల ఉన్నది 28.999 చిల్లర గనుక. అందుకే డబ్బు లెక్కల ప్రోగ్రాముల్లో మొదటినుంచీ పైసలను పూర్ణాంకాలుగా ఉంచుకోవడం మంచి అలవాటు.

ఇప్పుడు శాతం లెక్క. 500కు 437 వచ్చాయి. సి భాషలో రెండూ పూర్ణాంకాలుగా పెట్టుకుని, 437ను 500తో భాగించి 100తో గుణించమంటే జవాబు సున్నా! పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే సి పూర్ణాంకమే ఇస్తుంది. 0.874లో బిందువు తర్వాతది పోయి సున్నా మిగిలింది. సున్నాను ఎంతతో గుణించినా సున్నాయే. భాగించే ముందే రెంటిలో ఒకదాన్ని ఫ్లోట్‌గా మారిస్తే 87.4 వస్తుంది. పైథాన్ మూడో వెర్షనులో ఈ చిక్కు లేదు, నేరుగా 87.4 ఇస్తుంది.

నా డిప్లొమా రోజుల్లో టర్బో సి వాడేవాళ్లం. ఈ సున్నా చూసి, ముందు 100తో గుణించి తర్వాత 500తో భాగిద్దామని తెలివి ప్రదర్శించాను. తెర మీద మైనస్ 43 వచ్చింది. పరీక్ష రాస్తే ఎంత తక్కువైనా సున్నా రావాలిగాని మైనస్ ఎలా వస్తుందని ల్యాబులో అందరూ నవ్వారు. కారణం తర్వాత తెలిసింది. టర్బో సిలో ఇంట్‌కు 16 బిట్ల చోటే ఉంటుంది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. నా 43700 అందులో పట్టక, అవతలి వైపు తిరిగి మైనస్ 21836 అయింది. దాన్ని 500తో భాగిస్తే మైనస్ 43. శేరు గిన్నెలో రెండు శేర్లు పోస్తే పొర్లుతుంది, మనకు కనిపిస్తుంది. కంప్యూటరు గిన్నె పొర్లినా చాలాసార్లు చప్పుడు కాదు.

నా మైనస్ 43 నవ్వులతో పోయింది. ఇలాంటి గిన్నెలోనే ఒక రాకెట్ పోయింది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి ఐరోపా దేశాల ఏరియాన్ 5 రాకెట్ తొలిసారి ఎగిరింది. దాని దిశను చూసే ప్రోగ్రాములో ఒకచోట 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే పని ఉంది. అది పాత ఏరియాన్ 4 కోసం రాసినది. ఆ రాకెట్ వేగానికి ఆ చోటు సరిపోయేది. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. సంఖ్య 32767 దాటింది, మార్పిడి విఫలమైంది, దిశ చూసే వ్యవస్థ ఆగిపోయింది. ఎగిరిన 40 సెకన్లలోపే రాకెట్ దారి తప్పి పేలిపోయింది. అందులో ఉన్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ పోయాయి. పాత ప్రోగ్రాములోని మార్పిడిని కొత్త చోట వాడేటప్పుడు కొత్త విలువలు అందులో పడతాయా అని చూడాలన్నది ఇందులోని పాఠం.

మార్చకూడనివి

2018 నాటి దెబ్బతో నేను మరుసటి ఏడు అతి జాగ్రత్తకు పోయాను. ఫైల్లో అంకెల్లా కనిపించిన ప్రతిదాన్నీ ఇంట్‌గా మార్చేశాను. ఆదాయాలు సరిగ్గా వరుసలోకి వచ్చాయి. కాని కొందరి డబ్బు బ్యాంకు నుంచి తిరిగి వచ్చింది. వాళ్ల ఖాతా నంబర్లు సున్నాలతో మొదలవుతాయి. 0045 అనేది అంకె అయితే 45తో సమానమే, ముందున్న సున్నాలకు విలువ లేదు. ఖాతా నంబరుకు మాత్రం ఆ సున్నాలూ అందులో భాగమే. స్ప్రెడ్‌షీట్లోనూ ఇదే ప్రమాదం. పైగా ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలనే నిలుపుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా ఎక్కిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది.

అప్పటినుంచి నేను ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను. వీటిని రెంటిని కూడితే అర్థం ఉందా? ఇద్దరి ఆదాయాలు కూడితే ఇంటి ఆదాయం వస్తుంది. మార్కులు కూడితే మొత్తం వస్తుంది. అవి అంకెలు. రెండు ఫోను నంబర్లు కూడితే ఏమొస్తుంది? రెండు పిన్‌కోడ్లు, రెండు హాల్ టికెట్ నంబర్లు కూడితే? అవి అంకెల వేషంలో ఉన్న పేర్లు. పేర్లను పేర్లుగానే ఉంచాలి.

బూలియన్ మార్పిడి కూడా మోసగిస్తుంది. మరో స్కాలర్‌షిప్ వస్తోందా అన్న ప్రశ్నకు విద్యార్థి లేదు అని రాశాడనుకోండి. ఆ మాటను పైథాన్‌లో బూలియన్‌గా మారిస్తే అవును అని వస్తుంది! స్ట్రింగ్ ఖాళీగా ఉంటేనే కాదు, ఏ అక్షరం ఉన్నా అవును, అదే దాని లెక్క. అర్థం చదవదు. లేదు అనే మాటతో సమానమా కాదా అని మనమే పోల్చి చూడాలి.

ఇక మార్పిడి విఫలమైతే ఏం చేయాలి? ఆదాయం గడిలో గీత గీసి ఉంది, లేదా ఖాళీగా ఉంది. కొందరు పిల్లలు ప్రోగ్రాము ఆగిపోకుండా అక్కడ సున్నా వేసేస్తారు. సి భాషలోని ఏటూఐ ఫంక్షను అంకె కాని మాట ఇస్తే తానే సున్నా ఇస్తుంది. అప్పుడు ఏమీ రాయని కుటుంబం అందరికన్నా పేదదిగా జాబితా పైకి ఎక్కుతుంది, నిజంగా లేనివాళ్లు ఒక మెట్టు దిగుతారు. తెలియని విలువ వేరు, సున్నా వేరు. అలాంటి దరఖాస్తులను వేరే పెట్టి మనిషి చేత చూపించాలి. ఎర్రర్ వచ్చినందుకు విసుగుపడకండి. 2018లో నా ప్రోగ్రాము ఒక్క ఎర్రరైనా చూపి ఉంటే ఆ తల్లి అప్పు చేయవలసిన పని ఉండేది కాదు.

ఇంటి పని

విద్యార్థులు ఈ మూడూ చేసి చూడండి. ఒకటి: పైన ఇచ్చిన అయిదు ఆదాయాలను స్ట్రింగులుగానూ, ఇంట్‌గానూ వరుస పెట్టి తేడా గమనించండి. రెండు: మార్కులు అడిగి శాతం చెప్పే ప్రోగ్రాము రాసి, దానికి కావాలని కామా ఉన్న సంఖ్య, ఖాళీ, ఒక పేరు ఇచ్చి ఏమంటుందో చూడండి. మూడు: మన దరఖాస్తు ఫారం ముందు పెట్టుకుని ప్రతి గడి ఎదుటా అది అంకెనా పేరా రాయండి.

తల్లిదండ్రులకు

దరఖాస్తు నింపేటప్పుడు ఆదాయం గడిలో సంవత్సర ఆదాయాన్ని పూర్తి అంకెలతో, 72000 అన్నట్టుగా రాయండి. 72 వేలు, 6000 నెలకు అని రాయవద్దు. ఆదాయం తెలియకపోతే గీత గీయకుండా, కారణం పక్కన రాయండి. ఖాతా నంబరును పాసుబుక్కులో ఉన్నది ఉన్నట్టు, ముందున్న సున్నాలతో సహా దించండి. బ్యాంకు శాఖను తెలిపే ఐ.ఎఫ్.ఎస్. కోడులో మొత్తం 11 గుర్తులుంటాయి. అందులో అయిదోది ఎప్పుడూ సున్నాయే, అక్షరం కాదు.

ఇంకో మాట. మీకు వచ్చిన జవాబు న్యాయంగా లేదనిపిస్తే అడగండి. కంప్యూటరు జాబితా గదా, తప్పు ఉండదులే అని ఊరుకోవద్దు. ఆ జాబితా వెనుక నాలాంటి మనిషి ఒకడు ఉంటాడు. షోలాపూరు అమ్మాయి ఆ జాబు రాయకపోతే నా తప్పు నాకు తెలిసేది కాదు, ఆ పేజీలోని మిగిలిన పిల్లలకూ సాయం అందేది కాదు. ఇప్పుడు జాబితా అచ్చు వేసే ముందు నేను మొదటి పేజీతో పాటు ఆఖరి పేజీ కూడా చదువుతున్నాను.